రాహుకాలంలో దించిన పడవ

అబూ సాలెహ్ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కువైట్‌లో, మిర్కాబ్‌లోని మా టైపింగ్ ఆఫీసులో కూర్చుని ఎవరిదో ఇఖామా, అంటే నివాస అనుమతి, దరఖాస్తు నింపుతున్నాను. ఆయన ఈ దేశంలో నా మొదటి కఫీల్, నన్ను వీసా మీద రప్పించుకున్న యజమాని. జహ్రాలో వాళ్ళింట్లో పదకొండేళ్ళు డ్రైవరుగా పనిచేశాను. సాయంత్రం పరామర్శకు వెళ్ళాను. ఇక్కడి పద్ధతిలో పోయినవారి మగబంధువులు గోడ పొడవునా వరసగా నిలబడతారు. వచ్చినవాడు ఒక్కొక్కరి చెయ్యీ అందుకుంటూ రెండు మాటలు చెప్పి, చివరకు చేరి కూర్చుని, చక్కెర లేని యాలకుల కాఫీ తాగుతాడు. నేను ముఖం గంభీరంగా పెట్టుకుని వరస సగం దాటేసరికి పెద్దకొడుకు సాలెహ్ నా చెయ్యి వదలకుండా పక్కనున్న కుర్రవాళ్ళవైపు తిరిగి, "ఇతనే అబూ తీన్" అన్నాడు. అబూ అంటే తండ్రి, తీన్ అంటే బురద. బురద తండ్రిని అన్నమాట. నేనక్కడ మానేశాక పుట్టిన పిల్లలు కూడా ఆ పేరు విని ఉన్నారు. దుఃఖంలో ఉన్న ఆ గదిలో చిన్నగా నవ్వులు లేచి అణిగిపోయాయి. ముప్పై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద రాశాను, మాట్లాడాను, ఊరివాళ్ళతో, బంధువులతో, బస్సులో పక్క సీటువాళ్ళతో కూడా పోట్లాడాను. అవేవీ నాకొక బిరుదు తేలేదు. ఒక్క శుక్రవారం తెచ్చిపెట్టింది.

ఆ శుక్రవారం సంగతి చెప్పాలంటే అప్పటికి నేనెలాంటి మనిషినో ముందు చెప్పాలి. మాది రాయచోటి పక్క మెట్ట పల్లె. వేరుశనగ, కంది తప్ప మరో పంట ఎరగం. కడపలో చదువుకునే రోజుల్లో ఇస్త్రీ అంగడి మీది గదిలో ప్రతి ఆదివారం జరిగే హేతువాద సంఘం సభలకు వెళ్ళి నేను మనిషినయ్యాను, లేదా అలా అనుకున్నాను. మా మేష్టారు ఒకరు బల్ల మీద దీపం, బత్తాయి, నిమ్మకాయ పెట్టి గ్రహణాలు చెప్పేవారు. చంద్రుడు సముద్రాన్ని లాగుతాడు గానీ మన జాతకాలను లాగడు అనేవారు. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, తర్వాత కొన్నేళ్ళు ఊరూరా నా సొంత వాక్యంలా వాడుకున్నాను. రాహుకాలంలో పెళ్ళిళ్ళు చేయించాం, అమావాస్యనాడు గృహప్రవేశాలు చేయించాం. వాటిలో కొన్ని పెళ్ళిళ్ళు నిలిచాయి, కొన్ని ఇళ్ళు కారాయి, అది వేరే సంగతి. అన్నిటికన్నా గట్టిగా నేర్చుకున్నది ఎదుటివాడి మాట పూర్తయ్యేలోగా జవాబు సిద్ధం చేసుకోవడం. దాన్నే తర్కం అనుకునేవాణ్ణి. కువైట్ విమానం ఎక్కినప్పుడు నా పెట్టెలో రెండు జతల బట్టలు, అడుగున ఒక కట్ట కరపత్రాలు ఉన్నాయి.

జహ్రాలో నా గది గేటు పక్కన, కాళ్ళు చాపితే తలుపు తగిలేంత ఉండేది. తెల్లారకముందే లేచి మూడు బండ్లూ కడిగేవాణ్ణి. తర్వాత రొట్టెల బట్టీకి వెళ్ళి, వేడికి కాగితం చెమర్చే రొట్టెలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాణ్ణి. ఆ వాసనకు దారిలో ఒకటి చించి తినని రోజు లేదు. వంటింట్లోంచి ఎప్పుడూ నల్లటి ఎండునిమ్మకాయలు ఉడికే పులుపు వాసన, గురువారం సాయంత్రాలు అగరుచెక్క పొగ. అబూ సాలెహ్ తెల్లవారి నమాజు అయ్యాక మిద్దెక్కి, ఒక చేత్తో తస్బీ పూసలు తిప్పుకుంటూ ఆకాశం వైపు కాసేపు చూసేవాడు. ఖర్జూరాలు లెక్కపెట్టి బేసిగానే తినేవాడు. ఆయన తండ్రి ముత్యాల వేట పడవల్లో తిరిగినవాడట. ఈయన మాత్రం గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి, సముద్రానికి దూరంగా ఇల్లు కట్టుకుని, ఏడాదికొకసారైనా ఒడ్డుకు వెళ్ళేవాడు కాదు. అయినా మిద్దె మీంచి దిగుతూ, ఇప్పుడు నీళ్ళు వెనక్కి పోతుంటాయి, అని తనలో తాను అనుకునేవాడు. అది చూస్తే మా ఊళ్ళో నెలపొడుపుకు దండం పెట్టే ముసలివాళ్ళు గుర్తొచ్చేవారు నాకు. పాపం, మంచివాడే, ఎవరూ చెప్పేవాళ్ళు లేక ఇలా ఉండిపోయాడు అని జాలిపడేవాణ్ణి.

సాలెహ్ విదేశంలో చదువుకుని వస్తూ తెరచాప పడవ పిచ్చి తెచ్చుకున్నాడు. ముప్పై మూడు అడుగుల పడవ కొన్నాడు. గాజునారతో, అంటే ఫైబర్‌గ్లాసుతో, ఒకే అచ్చులో వందలకొద్దీ పోసి అమ్మే రకం, పడవల్లో అంబాసిడర్ కారు అనుకోండి. పెళ్ళయ్యాక పిచ్చి వదిలింది. పడవ రెండేళ్ళు దోహా రేవులో, ఖతార్ దోహా కాదు, జహ్రాకు దగ్గర్లోనే ఉన్న చిన్న రేవులో, ఇనుప కాళ్ళ మీద ఎండుతూ నిలబడింది. దాన్ని అమ్ఘరా పాత సామాన్ల యార్డులో వదిలించుకు రమ్మని నాకు చెప్పారు. అక్కడ నా చిన్ననాటి స్నేహితుడు కాదర్ బాషా పనిచేసేవాడు. రాయచోటిలో నాతో కలిసి గోళీలాడినవాడు. అతను వచ్చి పడవను పశువును చూసినట్టు చుట్టూ తిరిగి చూసి, గాజునారకు గవ్వ రాదు, అడుగున ఉన్న సీసానికే ధర, దాన్ని కోయించే ఖర్చు అంతకన్నా ఎక్కువ అని తేల్చేశాడు. ఆ అడుగు సీసం గురించి ఇక్కడే చెప్పాలి. పడవ పొట్ట కింద నిలువుగా ఒక పలకలా బరువు దిగి ఉంటుంది. అది ఉండబట్టే గాలి కొట్టినా పడవ బోల్తా పడదు. అది ఉండబట్టే మనిషి నిలువు లోతు నీళ్ళు లేకపోతే కదలనూ కదలదు. మొదటి ముక్క నాకు బాగా అర్థమైంది. యార్డు వద్దందని చెబితే అబూ సాలెహ్ చెయ్యి విదిలించి, "ఖలాస్, నువ్వే తీసుకో" అన్నాడు. కాగితాలు మాత్రం ఆయన పేరునే ఉండిపోయాయి.

అలా, సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూసిన మెట్టప్రాంతంవాణ్ణి, పడవ యజమానినయ్యాను. దాని లోపలి గది నా గదికి రెండింతలు ఉండేది. నాలుగు మంచాలు, ఒక మరుగుదొడ్డి, రెండు పొయ్యిల వంటగట్టు. పొయ్యి ఇరుసుల మీద ఊగుతుంది, పడవ ఎటు వాలినా గిన్నె నిటారుగానే ఉంటుందని సాలెహ్ చెప్పాడు. లోపల బూజు, డీజిలు, తడిసి ఎండిన స్పంజి కలిసిన వాసన. మూడు నెలల శుక్రవారాలు నేనూ బాషా దాన్ని తోమి, గీకి, రంగులు వేశాం. పని అయ్యాక ఆ ఊగే పొయ్యి మీద రాగి సంగటి కెలికేవాళ్ళం, కెలికిన ప్రతిసారీ పొయ్యి కూడా మాతోపాటే తిరిగేది. ఇనుప కాళ్ళ మీదున్న పడవెక్కి, తిప్పుడు చక్రం పట్టుకుని, ఇసుక వైపు చూస్తూ నేను చాలా దూరాలు ప్రయాణించాను. ఊరికి ఉత్తరం రాస్తూ "మా పడవ" అని రెండుసార్లు రాశాను. పడవలో దొరికిన ఇంగ్లీషు పాఠాల పుస్తకాన్ని ప్రత్యర్థి వాదం చదివినట్టు చదివాను, గీతలు గీసి మరీ. ఆటుపోట్ల అధ్యాయం నిండా అంకెల పట్టీలే. తెలిసిన విషయమే కదా అని పేజీలు తిప్పేశాను. అంతకుముందే దాని మీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి మరి.

ఇక నీళ్ళలోకి ఎప్పుడు దించాలన్న ప్రశ్న వచ్చింది. బాషా కూడా ఊరి అలవాటు కొద్దీ మంచిరోజు చూద్దామన్నాడు. అంతే, నాలో కడప మేడగది మేల్కొంది. ఊరినుంచి వచ్చిన కేలెండరు తీసి వెతికాను. శుక్రవారం అమావాస్య కనిపించింది. నిధి దొరికినట్టయింది. అందులోనూ రాహుకాలంలో దించుదాం అన్నాను. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు అని మన దేశంలో నమ్మనివాడికీ తెలుసు. కానీ కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. కడప రాహుకాలం పాటించాలా, జహ్రా రాహుకాలమా? దీని మీద నేనూ బాషా అమ్ఘరాలో టీ కొట్టు ముందు గంటసేపు వాదించుకున్నాం. చివరికి బాషా విసిగిపోయి అన్నాడు: "రే నర్సిమ్లూ, రాహువుకు గూడా ఇఖామా కొట్టిచ్చినట్లుండావే. ఈడికొచ్చినోడు ఈడి టైం ప్రకారం పనిచేయల్లప్పా." సరే, స్థానిక కాలమానమే ఖాయమైంది. నేను నమ్మనిదాన్ని ఇంత కచ్చితంగా పాటించేవాణ్ణి మా జిల్లాలో మరొకణ్ణి చూపించలేరు.

ఆ గురువారం అబూ సాలెహ్‌కు చెప్పాను, రేపు పదిన్నరకు పడవ దించుతున్నామని. ఆయన కాఫీ గిన్నె కింద పెట్టి, తలెత్తి నన్ను చూసి, "రేపు మాకు గమర్. మూ జేన్" అన్నాడు. రేపు చంద్రుడు లేడు, మంచిది కాదు అని. నాకు నవ్వాగలేదు. కడుపులో ఎంత సంబరమో. అరబ్బు దేశంలోనూ అమావాస్య పిచ్చి ఉందన్నమాట, దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు అనుకున్నాను. ఆయన ఇంకేదో చెప్పబోతూ వేలితో గిన్నె అంచు చూపిస్తున్నాడు. నేను పళ్ళెం అందుకుని, చంద్రుడు ఉన్నా లేకున్నా పడవ తేలుతుంది బాబా అని, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో చిన్న ఉపన్యాసం ఇచ్చేశాను. ఆయన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

మా గోడ అవతలి ఇంట్లో సంతోషమ్మ పనిచేసేది. కోనసీమ మనిషి, క్రైస్తవురాలు, ముప్పై అయిదేళ్ళు ఉండొచ్చు. ఊళ్ళో కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఆమె చూసింది వంటగది, బట్టలు ఉతికే గది, శుక్రవారం చర్చి. ఆ ఇంటావిడను, వాళ్ళు పిలిచేట్టు మామాను, ఒప్పించి శుక్రవారం సాయంత్రం నాలుగు వరకు చర్చికి సెలవు తెచ్చుకుంది. అంతకు రెండు నెలల ముందే అదే వీధిలో ఒక పనిమనిషి రాత్రి ఆలస్యంగా వచ్చిందని ఇంటివాళ్ళు పారిపోయిందని కేసు పెట్టారు. ఆ పిల్లను అట్నుంచి అటే విమానం ఎక్కించారు, మళ్ళీ ఈ దేశం రాకుండా. సంతోషమ్మకు పని ఒప్పందం గడువు తీరడానికి ఇంకా ఏడు నెలలుంది. ఆ ఏడు నెలలూ గడిస్తేనే ఇంటికి మర్యాదగా వెళ్ళడం, కూతుర్ని కాలేజీలో చేర్చడం. ఇదంతా గోడ దగ్గర చెత్తబుట్ట పెడుతూ ఆమె నాకు చెప్పినదే. అంతా తెలిసీ నేనే పిలిచాను. పిలవడానికి కారణం చెప్పడానికి ఇప్పటికీ ముఖం చెల్లదు. పడవలో ఒక హిందూ కుటుంబంలో పుట్టిన నాస్తికుడు, ఒక ముస్లిం, ఒక క్రైస్తవ స్త్రీ కలిసి రాహువును ఎదిరిస్తే దృశ్యం నిండుగా ఉంటుందని. ఆమె వచ్చింది మాత్రం నీళ్ళు చూడ్డానికి. రెండింటికల్లా తిరిగొచ్చేస్తామని నేను మాటిచ్చాను.

సరిగ్గా పదిన్నరకు, బాషా వాళ్ళ యార్డు క్రేను లారీ పడవను ఎత్తి రేవులో దించింది. నీళ్ళు గట్టు అంచు దాకా నిండి ఉన్నాయి. చూశారా, సముద్రమే ఎదురొచ్చింది అన్నాను. బాషా బిస్మిల్లా అనుకున్నాడు, సంతోషమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది, నేను ఇద్దరినీ క్షమించాను. ఇంజను దగ్గి దగ్గి అంటుకుంది. రేవు దాటాక తెరచాపలు ఎత్తాం. పుస్తకం తెరిచి పెట్టుకుని తాడు తాడుకూ పేజీ చూస్తూ ఎత్తాం. శమాల్ అనే వాయవ్యపు గాలి ఆ రోజు మెత్తగా వీస్తోంది. ఇంజను ఆపేశాను. నా జీవితంలో ఆ నిమిషం లాంటిది మళ్ళీ రాలేదు. చప్పుడు లేదు, మనం ఏమీ చేయడం లేదు, అయినా ఇల్లంత వస్తువు మనల్ని మోసుకుని కదులుతోంది. అది భక్తికి దగ్గరగా ఉన్నట్టు అనిపించి భయమేసి, గాలి ఒత్తిడి సూత్రం గురించి పైకి వివరించడం మొదలుపెట్టాను. సంతోషమ్మ వినలేదు. అంచున కూర్చుని చెయ్యి నీళ్ళలో వదిలేసి, ఊళ్ళో కాలువ రేవు దాటే పడవలో కూతురు ఇలాగే చెయ్యి పెడితే తిట్టేదాన్ని అని బాషాతో చెబుతోంది.

గాలి మమ్మల్ని మెల్లగా దక్షిణపు ఒడ్డు వైపు, సులైబిఖాత్ వైపు నెట్టుకుపోయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఊరి కట్టడాలు దగ్గరగా కనిపిస్తున్నాయి. ఒంటిగంటన్నరకు తిరుగుదాం అనుకున్నాం. సంగటి ఉడుకుతోంది కదా అని ఇంకొంచెం పోయాం. రెండు కాబోతుండగా పడవ ఆగింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. సంగటి ముద్దలో బొటనవేలు దిగినట్టు మెత్తగా ఆగింది. ఇంజను వేశాను, వెనక గోధుమరంగు సుడి లేచింది. తెడ్డు దించి చూస్తే గుండెల లోతు. కాసేపటికి నడుము లోతు. మా కళ్ళ ముందే నీళ్ళు, పిలిచినవాళ్ళెవరో ఉన్నట్టు, వెనక్కి నడిచి వెళ్ళిపోతున్నాయి. సముద్రం ఉన్నచోట మైలు పొడవున బూడిదరంగు బురద మెరుస్తోంది. అడుగు పలక మీద నిలబడలేక పడవ ఒక పక్కకు ఒరగడం మొదలెట్టింది, ముసలి గేదె పడుకున్నట్టు, తొందరేమీ లేకుండా. పుస్తకం, చెప్పులు, నీళ్ళ సీసాలు అన్నీ ఒక మూలకు దొర్లాయి. ఆ వాలులో పడవ మొత్తానికీ నిటారుగా ఉన్నది ఆ ఊగే పొయ్యి ఒక్కటే. సంగటి చుక్క ఒలకలేదు.

నా బుర్రలో అప్పుడు వెలిగింది, మేడగదిలో మేష్టారి బత్తాయి, నిమ్మకాయ. అమావాస్యనాడు సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపునుంచి లాగుతారు. పోటు ఎంత పెద్దదో ఆటు అంత దూరం. నెలలో అన్నిటికన్నా దూరంగా నీళ్ళు వెనక్కి పోయే రోజుల్లో ఒకటి నేను కేలెండరులో వెతికి మరీ పట్టుకున్నాను. అది తెలిసినవాడు నోరు మూసుకోవాలి కదా. నేను తాడు పట్టుకుని వేలాడుతూ, ఒక కాలు బల్లకు తన్నిపెట్టి, ఇది రాహువు కాదు, అమావాస్య చెడ్డదని అనుకోకండి, ఇది కేవలం ఆకర్షణ శక్తి అని ఆ ఇద్దరికీ ఉపన్యాసం మొదలుపెట్టాను. బాషా అంతా విని నిదానంగా అన్నాడు: "నీకు అమావాస్య మింద నమ్మకం లేదు గానీ, అమావాస్యకు నీ మింద శానా గురి ఉండాది బ్బా."

సంతోషమ్మ నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "ఏవండి, ఆ సెంద్రుడు నీల్లు మల్లీ ఎప్పుడు పంపుతాడో అది సెప్పండి ముందు" అంది. రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుందన్నాను. ఆమె ఒడ్డు వైపు చూసింది, నా గడియారం వైపు చూసింది. తర్వాత చర్చికని కట్టుకున్న చీర కుచ్చెళ్ళు దోపుకుంది, చెప్పులు కొంగులో మూటకట్టి మెడకు వేసుకుంది, పడవలోని పొడుగాటి కొక్కెం కర్ర తీసి బురదలో గుచ్చి చూసింది. ఇది ఊబి కావచ్చు, ప్రమాదం, కిలోమీటరు పైనే ఉంది అని నేను లెక్కలు చెబుతుంటే, "పదేల్లప్పుడు ఊడుపు సేలో దిగిన కాల్లండి ఇయ్యి" అంటూ దిగిపోయింది. బాషా పడవ దగ్గర ఉంటానన్నాడు. నేను ఆమెను కాపాడటానికి వెంట దిగాను.

కాపాడిన వైనం ఇది. మొగవాణ్ణి కదా అని పది అడుగులు ముందుకు పోయి దారి తీయబోయాను. మెట్టనేల కాళ్ళు నావి, అడుగును అడుగులా నిలువుగా వేసి, నిలబడి, రెండోది లాగబోయాను. తొడల దాకా దిగిపోయాను. చెప్పులు ఆ బురదకే అర్పణమయ్యాయి. సంతోషమ్మ కర్ర చాపి లాగింది. "నిలబడకండి. నిలబడితే దిగిపోతారు. మడమ మీద బరువెయ్యకండి, ముందేల్లు జొనపండి. నా యెనకాలే, నా అడుగులోనే అడుగెయ్యండి" అంది. ఆమె నడకను అప్పుడు చూశాను. పాదం ఏటవాలుగా పోనిచ్చి, బురద పట్టుకునేలోగా పక్కకు తిప్పి తీసేస్తుంది. వరినాట్లు వేసే ఆడవాళ్ళు రోజంతా చేసే పని అది. ఏ సభలోనూ దాన్ని విద్య అని ఎవరూ అనగా నేను వినలేదు, నేనూ అనలేదు. బురదచేపలు మా ముందు ఎగిరెగిరి బొరియల్లో దూరుతున్నాయి. గుల్లలు అరికాళ్ళు కోశాయి. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నన్ను మాట అనలేదు. నాలుగు గంటలకు ఇంకా ఎంతుందని మాత్రం మూడుసార్లు అడిగింది.

ఒడ్డెక్కేసరికి నాలుగుకు పది నిమిషాలు. బురదలో ముంచి తీసిన ఇద్దర్ని ఏ టాక్సీ ఎక్కించుకుంటుంది? ఒక పఠాన్ డ్రైవరు ట్రక్కు వెనక ఇటుకల మీద కూర్చోబెట్టుకుని జహ్రా చేర్చేసరికి అయిదవుతోంది. అబూ సాలెహ్ ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపి, నీళ్ళ గొట్టం తెచ్చి ముందు ఆమె చేతికిచ్చాడు. ఆమె కాళ్ళు కడుక్కుంటూ పక్కింటి గేటు వైపే చూస్తోంది. మీ ఇంట్లో పని ఉందని పిలిచామని చెప్పండి బాబా, అని నేను మెల్లగా గొణిగాను. ఆయన తలగుడ్డ సరిచేసుకుని పక్కింటి గేటు దగ్గరకు నడిచాడు. వెనక ఆమె, ఆమె వెనక నేను.

మామా గేటు తీసే ఉంది, చేతిలో టెలిఫోను ఉంది. ఆమె నోరు తెరిచేలోగా అబూ సాలెహ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. చర్చికి వెళ్ళలేదని చెప్పాడు, పడవెక్కిందని చెప్పాడు, బురదలో నడిచి వచ్చిందని చెప్పాడు. "ఈమె తప్పు లేదు. పడవ కాగితం నా పేరున ఉంది, డ్రైవరు నావాడు. ఫిర్యాదు ఇస్తే నా మీద ఇవ్వు" అన్నాడు. మూడు నెలలు చక్రం తిప్పుతూ నేను యజమానిననుకున్న పడవకు ఆ గేటు ముందు ఆయన యజమాని అయ్యాడు. నేను నోరు మెదపలేదు. మామా టెలిఫోను దించి ఖలాస్ అంది. కేసు లేదు. కానీ గడువు తీరేదాకా, ఆ ఏడు నెలలూ, శుక్రవారం సెలవు లేదంది. సంతోషమ్మ తలూపి లోపలికి వెళ్ళింది.

రాత్రి పోటుకు పడవ తనంతట తానే లేచి నిలబడిందని, లంగరు వేసుకుని సంగటంతా తానే తిన్నానని బాషా మర్నాడు చెప్పాడు. అబూ సాలెహ్ నన్ను తిట్టలేదు. రెండు రోజుల తర్వాత కాఫీ గిన్నె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ వంచి, చంద్రుడు నిండినా, బొత్తిగా లేకున్నా నీళ్ళు ఇలా పెద్దగా వచ్చి అంత దూరం పోతాయి అని చూపించాడు. ఆ రోజు చెప్పబోయింది అదేనట. "ఎందుకు అని అడుగుతావనుకున్నాను. నువ్వు అందర్నీ అడుగుతావు కదా" అన్నాడు. ఎందుకు అని అడగడం ఒక్కటే నా మతం. అడగాల్సిన ఒక్కరోజు ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత మూడేళ్ళు ఆ పడవ నడిపాను. ఆటుపోట్ల పట్టీ చేత్తో రాసి లోపల గోడకు అంటించుకుని, ముసలాయన మిద్దె దిగేదాకా కాచుకుని ఆయన్ను కూడా అడిగి, బయల్దేరేవాణ్ణి. ఇంజను చచ్చాక సీసం అమ్ఘరాకే చేరింది.

ఇప్పుడు ఏ క్షణాన ఎంత నీళ్ళున్నాయో ఫోను చెబుతుంది. మొన్నీమధ్య కొత్తగా పడవ కొన్న మనవాళ్ళ ఇంజనీరు ఒకాయన కనిపిస్తే చూశాను. ఒక ఫోనులోనే ఆటుపోట్లూ ఉన్నాయి, రాహుకాలమూ ఉంది, పక్కపక్కనే. రెండూ చూసి బయల్దేరతానన్నాడు. పాతికేళ్ళ క్రితమైతే ఆ రెండో దాని మీద అతనికి ఒక గంట పట్టేది నాతో. ఇప్పుడూ ఒప్పుకోను. రాహువు లేడు, రాడు, ఈ మాట మీద నేను ఒక్క అంగుళం జరగను. కాని మొదటిది సరిగ్గా చూశావా అని మాత్రమే అడిగాను.

అసలు ఇన్నాళ్ళూ దాచింది ఒకటుంది. ఆ వారమే మా సంఘం పత్రికకు వ్యాసం రాసి పంపాను. అమావాస్య, శుక్రవారం, రాహుకాలం మూడూ కలిసినా పడవ మునగలేదని. అందులో ఒక్క అబద్ధం లేదు. పడవ నిజంగానే మునగలేదు, మునగడానికి నీళ్ళుండాలి కదా. పత్రిక అచ్చయి వచ్చాక, సంతోషమ్మ చెత్తబుట్ట పెట్టడానికి వచ్చినప్పుడు గోడ ఇవతల నిలబడి చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, బాగుందండి, మరి నేను నడిసింది ఏదండి, అంది. అది రాస్తే నమ్మేవాళ్ళకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని ఆమెకు ఓపిగ్గా వివరించాను. "మీకు నమ్మకాల్లేవన్నారు గదండి. మరి ఎవరికి బయపడ్డారు?" అని అడిగి, ఖాళీ బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడు నెలలు ఒక్క శుక్రవారం గేటు దాటకుండా పనిచేసి ఊరికి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. పరామర్శలో వరస చివర కూర్చుని ఆ చేదు కాఫీ తాగుతున్నప్పుడు, ఆ గేటు ముందు ఏ లాభమూ లేకుండా నిజం చెప్పిన ఆ ముసలాయన కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే అనిపించింది. అందుకని ఆ వ్యాసంలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ శుక్రవారం సులైబిఖాత్ బురదలో కిలోమీటరు పైగా నడిచి ఒడ్డు చేరింది సంతోషమ్మ. దారి ఆమే తీసింది. నేను ఆమె అడుగుల్లో అడుగులేసుకుంటూ వెనకాల వచ్చాను.